టికెట్ మీద 22 గంటల 40 నిమిషాలు, ఇంటి నుంచి ఇంటికి 34 గంటలు

మా అమ్మాయి తొలిచూలు కాన్పుకని 2024 మే 22, బుధవారం మధ్యాహ్నం హన్మకొండలో బయలుదేరి, డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్న వాళ్లింటికి చేరాను. వెళ్లే ముందు కనబడ్డ వాళ్లందరినీ ఒకటే అడిగాను, ఎన్ని గంటలు పడుతుందని. ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెప్పారు. టికెట్ చేసిన ఏజెంటు "పదహారు గంటలేనమ్మా, నిద్రపోయి లేస్తే డాలస్" అన్నాడు. అది దుబాయ్ నుంచి డాలస్‌కు ఎగిరే సమయం మాత్రమే. టికెట్ మీద చూస్తే 22 గంటల 40 నిమిషాలు. అది శంషాబాద్‌లో విమానం కదిలినప్పటి నుంచి డాలస్‌లో ఆగేదాకా. నేను మా ఇంటికి తాళం వేసినప్పటి నుంచి వాళ్ల గడపలో కాలు పెట్టేదాకా మాత్రం 34 గంటలు పట్టింది. అరవై దాటి, షుగరు, బీపీ మాత్రలు వేసుకుంటూ ఒక్కరే వెళ్లేవాళ్లకు పనికొచ్చేది ఈ మూడో లెక్కే. అందుకే రాస్తున్నాను.

నేను సోషల్ టీచర్‌గా పనిచేసి రిటైరయ్యాను. మ్యాపు, గ్లోబు చేతిలో పట్టుకొని పిల్లలకు అక్షాంశాలు, రేఖాంశాలు చెప్పినదాన్ని. విమానం మాత్రం అప్పటిదాకా ఎక్కలేదు. మా వారు లేరు. అమ్మాయి ఒక్కతే సంతానం.

వీసా సంగతి క్లుప్తంగా చెప్తాను. పెళ్లయిన కొన్నాళ్లకే అమ్మాయి నాకు విజిటర్ వీసాకు దరఖాస్తు పెట్టింది. ఫీజు 185 డాలర్లు, మన డబ్బుల్లో పదిహేను వేలు దాటింది. ఇంటర్వ్యూ తేదీ దొరకడానికే నెలలు పట్టింది. 2023 నవంబర్‌లో ఒకరోజు హైటెక్ సిటీ మెట్రో స్టేషన్ కింద వేలిముద్రలు, ఫోటో ఇచ్చాను. మరునాడు నానక్‌రాంగూడ కాన్సులేట్‌లో ఇంటర్వ్యూ. తెలుగులోనే అడిగారు. మూడు నాలుగు ప్రశ్నలకే అయిపోయింది. బయట ఎండలో నిలబడ్డ సమయం లోపల మాట్లాడిన దానికి ఎన్నో రెట్లు. కాన్పు మాట అనుకున్నాక వీసాకు పెట్టుంటే నేను అందుకునేదాన్ని కాదు. పిల్లలు అక్కడ ఉన్నవాళ్లు అవసరం రాకముందే ఆ పని చేసి పెట్టుకోండి.

ఇక టికెట్. డాక్టర్లు జూన్ రెండో వారం అన్నారు. రెండు రకాల టికెట్లు కనబడ్డాయి. ఒకటి రెండు చోట్ల ఆగేది, లక్షా ఐదు వేలు, రానుపోను. మొత్తం ముప్పై గంటలు దాటుతుంది. ఇంకొకటి దుబాయ్‌లో ఒక్కచోటే ఆగేది, లక్షా ముప్పై ఎనిమిది వేలు. హైదరాబాద్ నుంచి డాలస్‌కు మధ్యలో ఆగకుండా వెళ్లే విమానం లేదు. ముప్పై మూడు వేల తేడా నాకు చిన్నది కాదు, మూడు నెలలు మందులకూ కరెంటు బిల్లుకూ సరిపోయే డబ్బు. కానీ అమ్మాయి గట్టిగా పట్టుబట్టింది. "అమ్మా, దూరం రెండిట్ల దాదాపు ఒక్కటే, నువ్వు కుర్చీల్ల కూసునే టైమే ఎక్కువైతది. రెండుసార్లు దిగి ఎక్కుడు నీతోని కాదు" అంది. ఆ మాట నిజమని దారిలో అర్థమైంది. మనిషిని అలసట పెట్టేది కిలోమీటర్లు కాదు, దిగి ఎక్కడం, వరుసల్లో నిలబడడం, ఎప్పుడు పిలుస్తారో తెలియక ఎదురుచూడడం.

దూరాన్ని నేను గ్లోబు మీద దారం పెట్టి చూశాను. హైదరాబాద్ 78½ డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర. కలిపితే 175½. 180 అయితే సరిగ్గా భూమికి అవతలి వైపు. అంటే మన రాత్రి వాళ్ల పగలు. దారాన్ని బిగించి లాగితే అది తూర్పుకూ పోలేదు, పడమరకూ పోలేదు, నేరుగా పైకి ఉత్తర ధ్రువం పక్కనుంచి పోయింది. ఆ దారిన దూరం దాదాపు 14,400 కిలోమీటర్లు. దుబాయ్ మీదుగా వెళ్తే హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి 2,550, అక్కడినుంచి డాలస్‌కు 12,900, మొత్తం 15,450 దాకా. చుట్టు తిరిగి పోతున్నామని అందరూ అంటారు గానీ పెరిగేది వెయ్యి కిలోమీటర్ల చిల్లరే. పదిహేను వేలలో అదెంత? దుబాయ్‌లో ఆగే సమయమే అసలు ఖర్చు.

నేను ఇంటి నుంచి ఇంటికి లెక్క పెట్టడానికి ఇంకో కారణం ఉంది. 2020 జనవరిలో మా వారికి గుండెపోటు వచ్చింది. గంటలో మనిషి లేకుండా పోయారు. అమ్మాయి అప్పుడు డాలస్‌లోనే ఉంది. దొరికిన మొదటి విమానం ఎక్కింది. అయినా మూడోరోజు పొద్దున గానీ హన్మకొండకు రాలేకపోయింది. ఆయన్ని ఫ్రీజర్ బాక్సులో పెట్టి రెండు రాత్రులు కూర్చున్నాం. "ఇంకెంతసేపు?" అని ఎవరడిగినా నా దగ్గర జవాబు లేదు, విమానం దిగిందని ఫోన్ వచ్చాక కూడా జనగామ దాటిందా, ఘన్‌పూర్ దాటిందా అని గంటలు లెక్కపెట్టాం. విమానం పట్టే సమయం వేరు, మనిషి మనిషి దగ్గరికి చేరే సమయం వేరు అని అప్పుడే తెలిసింది. ఈసారి నేను అటు పోతున్నాను. నేను గాల్లో ఉండగా దానికి నొప్పులొస్తే? ఆ భయంతో మే నెలంతా సరిగ్గా నిద్ర లేదు. డాక్టర్ చెప్పిన తేదీకి మూడు వారాలు ముందుగా టికెట్ తీసుకున్నది అందుకే. దానికి తోడు ఏప్రిల్ 16న దుబాయ్‌లో కుండపోత వాన పడి విమానాశ్రయంలో నీళ్లు నిలిచిన దృశ్యాలు టీవీలో చూశాను. రోజుల తరబడి ప్రయాణికులు నేల మీద పడుకున్నారు. నేను వెళ్లేసరికి అంతా సర్దుకుంది గానీ, ఆ టెన్షన్ పోలేదు.

సామాను రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. చేతిలో 7 కిలోలు. బాలింతకు కావాల్సినవన్నీ అందులోనే. శొంఠి, వాము, కాయం పొడి, వెల్లుల్లి కారం, కొత్త ఆవకాయ. ఇక్కడ కొన్ని సంగతులు ముందే తెలియాలి. ఎండు కొబ్బరి పెట్టొద్దన్నారు, నూనె ఉండి తొందరగా అంటుకుంటుంది కాబట్టి విమానంలో దానికి అనుమతి లేదు. పచ్చి కరివేపాకు అమెరికాలోకి రానివ్వరు, నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద ఉంటుందట. మాంసం పచ్చళ్లు అసలే వద్దు. పొడులు 350 మిల్లీలీటర్ల డబ్బా కన్నా ఎక్కువ ఉంటే అమెరికా విమానానికి చేతి సంచిలో పెట్టుకోకపోవడమే మంచిది, విడిగా తనిఖీ చేస్తారు, అనుమానమొస్తే ఆపేస్తారు. అందుకని పొడులు, పచ్చళ్లు అన్నీ పెద్ద పెట్టెల్లోనే సర్దాను. ఆవకాయను మిషన్ మీద గాలి తీయించి మూడు కవర్లలో ప్యాక్ చేయించాను. ఒక్క చుక్క కారలేదు.

మందుల గురించి మా డాక్టర్ గారిని ముందే కలిశాను. షుగరు మాత్ర గడియారం చూసి కాదు, తిండిని బట్టి వేసుకోమన్నారు. బీపీ మాత్ర మాత్రం ఇండియా టైము ప్రకారమే వేసుకొని, అక్కడికి చేరాక రెండు మూడు రోజుల్లో మెల్లగా మార్చుకోమన్నారు. ఇది నాకు చెప్పిన మాట, మీది మీ డాక్టర్‌ని అడగండి. చేతి గడియారాన్ని నేను ఇండియా టైములోనే ఉంచాను. దారంతా మందులకు అదే ఆధారం. మోకాలి దాకా బిగుతుగా ఉండే మేజోళ్లు పద్నాలుగు వందలు పెట్టి కొన్నాను. ఆరు నెలల ప్రయాణ బీమాకు ముప్పై ఆరు వేలు. అక్కడ ఆసుపత్రి ఖర్చు తలచుకుంటే ఆ డబ్బు కట్టకుండా పోవద్దు. మందుల చీటీలు ఇంగ్లిషులో రాయించి చేతి సంచిలోనే పెట్టుకున్నాను.

బయలుదేరే రోజు పొద్దున భద్రకాళి అమ్మవారి గుడికి వెళ్లొచ్చాను. మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఇంటికి తాళం వేశాను. కారు కిరాయి టోల్‌తో కలిపి 4,800. మరిది, తోటికోడలు తోడొచ్చారు. కోమళ్ల టోల్ దాటి, జనగామలో చాయ్‌కి ఆగి, భువనగిరి, బీబీనగర్ మీదుగా ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డెక్కి శంషాబాద్ చేరేసరికి ఐదున్నర. నాలుగు గంటలు. దుబాయ్‌కి విమానంలో పట్టేది కూడా నాలుగు గంటలే. మా ఓరుగల్లు పక్కనే మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉంది. అది ఎప్పుడో మూతపడింది, మళ్లీ తెరుస్తామంటున్నారు. అది తెరుచుకుంటే మాలాంటి వాళ్లకు ఈ నాలుగు గంటల్లో సగమన్నా తగ్గాలని నా ఆశ.

టికెట్ లేనివాళ్లను లోపలికి రానివ్వరు. తోటికోడలు గేటు దగ్గరే ఏడ్చింది. నాకు కూడా గొంతు పట్టుకుపోయింది గానీ, వెంటనే చక్రాల కుర్చీ అబ్బాయి వచ్చాడు. వీల్‌చైర్ కావాలని టికెట్ తీసుకునేటప్పుడే అడగాలి, దానికి డబ్బు తీసుకోరు. మెట్లు ఎక్కగలరా, సీటు దాకా నడవగలరా అని అడుగుతారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, దాన్ని బట్టే మనిషిని పంపిస్తారు. నాకు మోకాళ్ల నొప్పి ఉంది, నడవగలను గానీ ఆ పెద్ద హాళ్లలో ఎటు పోవాలో తెలియదు. కుర్చీ అవసరం నాకు కాళ్లకన్నా దారికి ఎక్కువ. ఆ అబ్బాయి సామాను, ఇమిగ్రేషన్, తనిఖీ అన్నీ గంటలోపు దాటించాడు. తర్వాత గేటు దగ్గర రెండున్నర గంటలు ఊరికే కూర్చున్నాను.

విమానం రాత్రి 9:50కి కదిలింది. పక్క సీటులో ఒక అబ్బాయి, ముప్పై ఐదేళ్లుంటాయి.

"ఏ ఊరు బిడ్డా?"

"రాయికల్ అమ్మా, జగిత్యాల దిక్కు. దుబాయ్‌ల పని చేస్త."

నేను డాలస్ దాకా వెళ్తున్నానని చెప్తే, "అమ్మో, గంత దూరమా!" అన్నాడు. ఇంటికి ఎన్నాళ్లకు వస్తావని అడిగాను. "రెండేండ్లకు ఒక్కసారి. ఇప్పుడు చెల్లె పెండ్లికొచ్చిన. నాలుగు గంటల్లనే ఉంటది మా ఊరు, కాని కంపెనీ సెలవియ్యాలె గద" అన్నాడు. సీటు బెల్టు ఎలా పెట్టుకోవాలో, బాత్రూం తలుపు ఎలా తీయాలో అతనే చూపించాడు. దుబాయ్‌లో దిగేటప్పుడు నా సంచి కిందికి దించి ఇచ్చి, "పైలం అమ్మా" అని చెప్పి గుంపులో కలిసిపోయాడు. ఆ పిల్లవాడి మాట నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది.

దుబాయ్‌లో దిగేసరికి అక్కడి టైము 12:15. మనకంటే గంటన్నర వెనక. డాలస్ విమానం 2:40కి. రెండు గంటల ఇరవై ఐదు నిమిషాలు ఉంది కదా అనుకున్నాను. కుర్చీలు కావాల్సిన వాళ్లందరినీ ఒకచోట కూర్చోబెట్టి, వాళ్ల వాళ్ల విమానాలను బట్టి వంతుల వారీగా తీసుకెళ్తారు. అర్ధరాత్రి ఎక్కడెక్కడి విమానాలో ఒకేసారి దిగుతాయి. అక్కడున్న వాళ్లలో సగం మంది నాలాంటి తల్లులు, తండ్రులే. చేతిలో ప్లాస్టిక్ ఫోల్డర్, మెడలో శాలువా. ఒకరికొకరం భాష తెలియకపోయినా "డాలస్?" "చికాగో?" అని అడుగుతూ కూర్చున్నాం. నా వంతు వచ్చేసరికి ముప్పావుగంట గడిచింది. ఆ ముప్పావుగంటా గుండె దడదడలాడింది. బోర్డింగ్ పాసు మీద గేటు మూసే టైము వేరే రాసి ఉంటుంది, విమానం టైము కాదు, అదే చూడాలి. మళ్లీ తనిఖీ, తర్వాత లోపల రైలు, ఆ తర్వాత గేటు. అమెరికా విమానం కాబట్టి గేటు దగ్గర ఇంకోసారి చేతి సంచులు తెరిచి చూశారు. నా ముందున్న ఒక పెద్దావిడ సంచిలో మునగాకు పొడి డబ్బా ఉంటే పక్కకు తీసి చాలాసేపు పరీక్షించారు. ఇంకో పావుగంటలో తలుపు వేస్తారనగా నేను సీటులో కూర్చున్నాను.

సీటు నడవ పక్కది ముందే డబ్బు కట్టి తీసుకున్నాం. ఎవరినీ లేపకుండా లేచి తిరగొచ్చు. తిండి విషయం ఒకటి చెప్పాలి. నేను గురువారం నీసు ముట్టను, ఆ విమానంలో గురువారం వస్తుంది. టికెట్‌లో "హిందూ భోజనం" అని ఒకటి కనబడితే శాకాహారమే అనుకుంటాం. కాదు. అందులో గొడ్డు మాంసం ఉండదు గానీ కోడి, చేప, మేక ఉండొచ్చు. శాకాహారులు "ఏషియన్ వెజిటేరియన్" అని అడగాలి, అదీ ఒకరోజు ముందే. మా అల్లుడు ఆ సంగతి తెలిసి మార్పించాడు. పప్పు, అన్నం వేడిగా ఇచ్చారు, అందరికన్నా ముందు ఇచ్చారు.

ఆ పదహారు గంటల ఇరవై నిమిషాల గురించి ఎంత రాసినా తక్కువే. మొదటి నాలుగు గంటలు అలసటతో పడుకున్నాను. లేచి చూస్తే ముందున్న తెరలో ఇంకా పన్నెండు గంటలు అని ఉంది. ఏడుపొచ్చింది. ఆ తర్వాత మనసు దానంతట అదే గంటలు చూడడం మానేసి మ్యాపు చూడడం మొదలుపెట్టింది. విమానం పడమరకు పోకుండా ఉత్తరానికి పోతోంది. నేను దారం పెట్టి చూసిన దారి లాంటిదే. తెర మీద బయటి చలి మైనస్ యాభై డిగ్రీలు దాటింది, వేగం గంటకు 880, 900 మధ్య.

అందరూ కిటికీలు మూసుకొని పడుకున్నారు. వెనక భాగంలో అటూ ఇటూ నడుస్తూ ఒక చిన్న కిటికీ కొద్దిగా ఎత్తి చూశాను. బయట తెల్లవారుతోంది. లేత ఎండ. మళ్లీ మూడు గంటల తర్వాత వచ్చి చూస్తే అదే లేత ఎండ, సూర్యుడు అక్కడే ఉన్నాడు. ఇంకోసారి చూసేసరికి మ్యాపులో గ్రీన్‌లాండ్, కింద తెల్లటి మంచు, సూర్యుడు అప్పటికీ అంతే ఎత్తులో. పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పిన పాఠం అది. భూమధ్యరేఖ దగ్గర భూమి గంటకు 1,670 కిలోమీటర్ల వేగంతో తిరుగుతుంది, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర అందులో సగం, 835. విమానం అంత ఉత్తరాన పడమరకు 900 వేగంతో పోతే భూమి తిరిగేదానికి దాదాపు సమానం. సూర్యుడు కదలడు. ఆ రోజు పొద్దుటి ఎండ నాకు పన్నెండు గంటలు ఉంది. బోర్డు మీద సుద్దముక్కతో గీసి చెప్పిన దాన్ని కళ్లారా చూస్తానని ఎప్పుడూ అనుకోలేదు. పక్కన చెప్పుకోవడానికి మా వారు లేరు. అక్కడే నిలబడి చాలాసేపు చూశాను.

శరీరం సంగతి. రెండు గంటలకోసారి లేచి నడిచాను. మేజోళ్లు వేసుకున్నా పాదాలు కొంచెం వాచాయి, వదులు చెప్పులు వేసుకెళ్లడం మంచిదైంది. గాలి బాగా పొడిగా ఉంటుంది, ముక్కు, పెదవులు ఎండిపోతాయి. నీళ్లు అడిగినప్పుడల్లా ఇచ్చారు. బాత్రూంకి ఎక్కువసార్లు పోవాల్సి వస్తుందని నీళ్లు తాగడం తగ్గించకండి, నా వెనక సీటు పెద్దాయన అలా చేసి చివర్లో కళ్లు తిరిగి ఇబ్బందిపడ్డారు.

డాలస్‌లో గురువారం ఉదయం పదింటికి దిగాం. నా చేతి గడియారంలో రాత్రి ఎనిమిదిన్నర. మన టైము 82½ తూర్పు రేఖాంశం మీద, వాళ్లది 90 పడమర మీద. కలిపి పదిహేనుతో భాగిస్తే పదకొండున్నర గంటలు. వేసవిలో వాళ్లు గడియారం ఒక గంట ముందుకు తిప్పుకుంటారు కాబట్టి పదిన్నర.

ఇమిగ్రేషన్ వరుస గంట పట్టింది. అమ్మాయి ఒక కాగితం మీద తన చిరునామా, ఫోన్ నంబరు, నేను ఎందుకొచ్చానో, ఎప్పుడు తిరిగి వెళ్తానో రాసి పంపింది. తిరుగు టికెట్ కూడా దానికి జత చేశాను. ఆఫీసరు అడిగినవి: ఎవరి దగ్గరికి, ఎన్ని రోజులు, తిండి ఏమైనా తెచ్చారా. "పికిల్, పౌడర్" అన్నాను. "మీట్?" అంటే "నో" అన్నాను. తెచ్చింది తెచ్చినట్టు చెప్పడమే మంచిది, దాచిపెడితే జరిమానా. వేలిముద్రలు తీసుకొని నవంబర్ దాకా ఉండొచ్చన్నాడు. పెట్టెలు వచ్చేసరికి ఇంకో అరగంట, తర్వాత బయటికి. అల్లుడు ఎదురొచ్చాడు. అమ్మాయి కారులో కూర్చొని ఉంది, నిలబడలేక. దాన్ని చూశాక అడిగిన మొదటి మాట, "నొప్పులేమన్న వచ్చినయా?" "లేదమ్మా, నువ్వచ్చేదాక ఆగమన్న" అంది. ఫ్రిస్కో ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట, నా గడియారంలో రాత్రి పదకొండున్నర.

దిగిన వారం లోపే, మే 28న డాలస్‌లో పెద్ద గాలివాన వచ్చింది. లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, ఎన్నో విమానాలు రద్దయ్యాయి. నేను ఆ వారం టికెట్ తీసుకొని ఉంటే ఎక్కడ ఉండేదాన్నో. కాన్పుకు వచ్చేవాళ్లు వారం కాదు, మూడు వారాలు ముందే రావడం మేలు. అప్పటికి మన నిద్ర కూడా దారిలో పడుతుంది. నాకు పది రోజులు పట్టింది. పగలు మూడింటికి కళ్లు మూతలు పడేవి, రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. ఆ వేళప్పుడు వంటింట్లో కూర్చొని హన్మకొండకు ఫోన్ చేసేదాన్ని, అక్కడ వాళ్లు మధ్యాహ్నం అన్నం తినే టైము. పొద్దుటిపూట బయట ఎండలో నడవడం మొదలుపెట్టాక కుదుటపడింది. జూన్ 8న మనవరాలు పుట్టింది. పురిటి మంచం పక్కన నేను ఉన్నాను.

తిరుగు ప్రయాణం నవంబర్ 13, బుధవారం. దూరం అదే, దారి దాదాపు అదే, కానీ డాలస్ నుంచి దుబాయ్‌కి 14 గంటల 40 నిమిషాలే. గంటా నలభై నిమిషాలు తక్కువ. అంత ఎత్తులో గాలి పడమర నుంచి తూర్పుకు బలంగా వీస్తుంది, చలికాలంలో ఇంకా ఎక్కువ. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకనుంచి తోస్తుంది. తెర మీద వేగం గంటకు వెయ్యి దాటడం చూశాను. ఫ్రిస్కోలో పొద్దున ఎనిమిదిన్నరకు బయలుదేరి, దుబాయ్ మీదుగా గురువారం రాత్రి 8:40కి శంషాబాద్‌లో దిగి, హన్మకొండ ఇంటి తాళం తీసేసరికి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. 29 గంటలన్నర. వెళ్లినప్పటికన్నా నాలుగున్నర గంటలు తక్కువ.

గంటలు తక్కువైనా ఒళ్లు కోలుకోవడానికి మాత్రం ఎక్కువ రోజులు పట్టింది. తూర్పుకు వచ్చినప్పుడు చాలామందికి అలాగే అవుతుందట. పైగా నవంబర్ 3న వాళ్లు గడియారం వెనక్కి తిప్పారు, తేడా పదకొండున్నర గంటలైంది. తెల్లవారితే కార్తీక పౌర్ణమి, వేయిస్తంభాల గుడిలో దీపం పెట్టాలని ఆ తేదీకే టికెట్ తీసుకున్నాను. వెళ్లి పెట్టాను గానీ, సాయంత్రం ఏడింటికే ఎక్కడ కూర్చుంటే అక్కడ నిద్ర. దగ్గర పట్టుకొని పడుకునే పాప లేక నిద్ర మధ్యలో చెయ్యి వెతుక్కునేది. దానికి గంటల లెక్క లేదు.

వచ్చే వేసవిలో అమ్మాయి, అల్లుడు పాపను తీసుకొని వస్తామంటున్నారు. దుబాయ్‌లో రెండున్నర గంటలు చాలదు, నాలుగైదు గంటలుండే టికెట్ చూడమని చెప్పాను. చంటిపిల్లకు ఊయల బిగించే సీటు ముందు వరసలో కొన్నే ఉంటాయి, ఫోన్ చేసి అడిగారట, ఇంకా ఖాయం చేయలేదు.